సున్నం పూసిన ఇరవై రాళ్ళు

మా అమ్మ మా నాన్నను నమ్మకపోవడం వల్ల మా కుటుంబమంతా నడకకు బయలుదేరింది. ఈ ముక్క ముందు చెప్పకుండా ఆ నడకల గురించి ఎంత అందంగా రాసినా అబద్ధమే అవుతుంది. ఆ నడక వల్ల మా నాన్న ఒళ్ళు బాగుపడింది. ఒక ముసలాయన పుచ్చపాదులు పోయాయి. రెండోదాంట్లో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి, ఇన్నేళ్ళయినా చెరువులూ కొంగలూ అంటూ ఎవరైనా ముచ్చటగా మాట్లాడితే నాకు చిరాకేస్తుంది.

యాభైల చివరి సంగతి. మేం నందిగామలో ఉండేవాళ్ళం. నాన్న తాలూకా కచేరీలో గుమాస్తా. భూములతో ఆయనకు ఏ సంబంధమూ లేదు. ఎవరు పుట్టారో ఎవరు పోయారో రాసే రిజిస్టర్లు ఆయనవి. ఒకరోజు మధ్యాహ్నం ఆ రిజిస్టరు మీదికే కళ్ళు తిరిగి వాలిపోయారు. జగ్గయ్యపేటలో మంచి డాక్టరున్నాడంటే అమ్మా ఆయనా బస్సెక్కి వెళ్ళొచ్చారు. చక్కెర జబ్బన్నాడు. తీపి బంద్. అన్నం సగం. రోజూ సాయంత్రం ఐదువందల అంగలు నడవాలి. ఒళ్ళు అలవాటు పడేకొద్దీ వందేసి పెంచుకుంటూ, ఎండలు ముదిరేలోగా రెండు వేలు అందుకోవాలి. ఏ రోజు ఎన్ని నడిచిందీ ఒక పుస్తకంలో రాసి తెచ్చి చూపించాలి.

నాన్న నాలుగు రోజులు బుద్ధిగా ఒంటరిగా వెళ్ళొచ్చారు. అయిదో రోజు ఆయన గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే అమ్మ కండువా తీసుకుని వాసన చూసింది.

"ఏవండీ, మీరు నడిచే దారిలో మైసూరు బజ్జీలు కాస్తున్నాయా?"

మర్నాడు సాయంత్రం అమ్మ తల దువ్వుకుని, నాకూ మా నాలుగేళ్ళ చెల్లికీ గౌన్లు మార్చి, వేయించిన పల్లీలు గుడ్డలో మూటకట్టి, ఇంటికి తాళం వేసింది. కాఫీ హోటలున్న వీధి కాకుండా ఊరికి పడమటి పక్క చెరువు దారి పట్టించింది. కాపలా కాయడానికి వచ్చాననే చెప్పింది. మా అమ్మ అనుమానాన్ని ఎప్పుడూ దాచుకునేది కాదు. పాలవాడి ఎదురుగానే పాలలో వేలు ముంచి చూసేది.

చెరువు ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. అమ్మది బందరుకు ఆవల సముద్రపొడ్డు ఊరు. వాళ్ళ ఊరి పక్కన పెద్ద ఉప్పుకయ్య ఉండేది. సముద్రం లోపలికి చొచ్చుకొచ్చి, ఇసుక గట్టు అడ్డం పడి, నిలిచిపోయిన నీళ్ళు. చల్లపూట ఇంటిల్లిపాదీ దాని చుట్టూ తిరిగొచ్చేవాళ్ళట. పెళ్ళయి ఈ మెట్టకు వచ్చాక అమ్మకు అన్నిటికంటే ఎక్కువ బెంగ ఆ నీళ్ళ మీదే. "ఇదీ ఒక నీళ్ళేనా? పశువులు తాగితే అయిపోతాయి," అని చెరువును ఈసడించుకుంటూనే దాన్ని చూడగానే ఆమె నడక మారిపోయేది. పిల్లలతో నీళ్ళ చుట్టూ ఎలా నడవాలో అమ్మకు తెలిసినంతగా ఆ తాలూకాలో ఇంకెవరికీ తెలియదు. వెళ్ళేటప్పుడు గాలి మొహానికి కొట్టాలి, వచ్చేటప్పుడు వీపును తోయాలి, అప్పుడు పిల్లలు ఎత్తుకోమని ఏడవరు. పెంకులా ఎండి బీటలు వారిన మట్టి మీద నడవొచ్చు. నున్నగా మెరిసే మట్టి మీద కాలు పెట్టకూడదు, అది అడుగున బురద దాచుకుని ఉంటుంది. పెద్దవాళ్ళు నీటి వైపు, పిల్లలు గట్టు వైపు. సగం దారిలో ఒకసారి కూర్చుని పల్లీలు తినాలి. అప్పుడే పిట్టల్ని చూడాలి.

పిట్టలు బాగానే ఉండేవి. కొంగలు, బుడుబుంగలు, నీటికోళ్ళు. అప్పుడప్పుడు ఎర్రకాళ్ళ పిట్టలు నాలుగైదు దిగేవి. అవి తన ఊరి కయ్య నుంచే వచ్చాయని అమ్మ పట్టుబట్టేది. బుడుబుంగ మునిగిన చోట తేలకుండా ఇంకెక్కడో తేలుతుంది కదా, దాన్ని మాత్రం ఆమె క్షమించలేదు. "చూడు, చూడు, ఎలా మోసం చేస్తోందో!" అనేది.

మా నడక ఊరికి అర్థం కాలేదు. బిందె లేదు, బట్టల మూట లేదు, బండి లేదు. మొగుడూ పెళ్ళాం పిల్లలూ పొద్దు వాలే వేళకు చెరువు వైపు వెళ్ళి వట్టి చేతులతో తిరిగొస్తున్నారు. దారిలో ఇళ్ళవాళ్ళు అరుగుల మీద నుంచి అడిగేవాళ్ళు. "ఎవరికండీ బాగాలేదు?" "పొలం ఏమైనా చూస్తున్నారా?" ఒకావిడ అమ్మను పక్కకు లాగి, ఇంట్లో ఏమైనా గొడవా అని కూడా అడిగింది. జబ్బు మాట బయటికి పొక్కకూడదని అమ్మ మాకు ఒట్టు పెట్టించింది. ఆ ఏడు నాన్నకు పైమెట్టు రావాల్సి ఉంది. రోగిష్టివాడని తెలిస్తే ఆ కుర్చీ ఇంకెవరికో ఇస్తారని ఆమె భయం. అందుకని ఎవరడిగినా "ఊరికే" అనేవాళ్ళం. ఆ మాట ఎవరూ నమ్మలేదు.

నాన్న అంగలు పైకి లెక్కపెట్టేవారు. అది అమ్మ షరతు. మనసులో లెక్కపెట్టుకుంటే అరవై నుంచి ఎనభైకి దూకుతారని ఆమె నమ్మకం. "నలభై ఒకటి, నలభై రెండు," అంటూ ఆయన పెద్ద పెద్ద అంగలు వేస్తూ ముందు, అమ్మా చెల్లీ వెనక, పుస్తకమూ పెన్సిలూ పట్టుకుని నేను పక్కన. తూము దగ్గర కట్ట దిగి, నీళ్ళు వెనక్కి పోయిన చెరువు గర్భంలోంచి, గేదెలు తొక్కి చేసిన బాట వెంట నీళ్ళను చుట్టుకుంటూ వెళ్ళేవాళ్ళం. లెక్క తూము దగ్గర మొదలు. తిరుగు నడక లెక్కలోకి రాదు. ఇంటికి వెళ్ళేటప్పుడు చిన్న అంగలు వేస్తారని అమ్మ దాన్ని కొట్టేసింది.

దారిలో ఎవరైనా నమస్కారం పెడితే లెక్క తప్పేది. మళ్ళీ మొదటి నుంచి. నాన్నకు విసుగు పుట్టి, వంద కాగానే బాట పక్కన ఒక రాయి పెట్టమన్నారు. ఇక ప్రతిరోజూ లెక్కపెట్టక్కర్లేదు, ఫలానా రాయి దాకా నడిస్తే చాలునన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. రాళ్ళు పెట్టించింది, లెక్కా మానిపించలేదు. రాయి పడ్డ చోటే వంద పడుతోందో లేదో రోజూ సరి చూడాలిగా. రాళ్ళు పెట్టే పని నాది. ఆ పనికి నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. ఐదు రాళ్ళతో మొదలుపెట్టాం.

ఏడో రాయి రోజున పాదుల తాత కనిపించాడు.

ఇంకా ముందుకు, నీటి అంచున తడి ఆరని నేలలో పుచ్చ, దోస పాదులు వేసుకున్నాడు. అక్కడ చెలమ తవ్వి, ముంతతో నీళ్ళు తోడి ఒక్కొక్క పాదుకూ పోసి, ఇటు బాట పక్కకొచ్చి గడ్డి కోస్తున్నాడు. ఆయన భార్య కాబోలు ఒకావిడ దూరంగా తీగలు సర్దుతోంది. నాన్న లెక్క వినిపించి తాత నడుం ఎత్తాడు. నేను రాయి పెట్టడం చూశాడు. పుస్తకంలో రాయడం చూశాడు.

"ఏ ఆఫీసు బాబూ తమది?"

నాన్నకు అబద్ధం రాదు. "తాలూకా కచేరీ," అన్నారు.

తాత తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. అడక్కుండానే తన సంగతంతా చెప్పుకొచ్చాడు. "ఉగాది దాటితే కాయ ముదురుద్ది బాబుగారూ. బండి మాట్లాడుకుని జగ్గయ్యపేట తోలుకెళ్తా. నాకూ ముసల్దానికీ ఏడాదంతా తిండి ఇందులోనే. ఇంకో సెంటు నేల లేదు."

నాన్న "మంచిది, మంచిది," అని, చీకటి పడుతోందన్న కంగారులో గబగబా వెనక్కి తిరిగారు. ఆ ఒక్కసారి నిలబడి మాట్లాడి ఉంటే ఎలా ఉండేదా అని ఎన్నిసార్లు అనుకున్నానో!

అప్పటికి నాకు తెలియని సంగతి ఒకటి ఇక్కడే చెప్పేస్తాను. చెరువు గర్భం సర్కారుది. నీళ్ళు తగ్గాక ఆ తడి నేలలో పేదవాళ్ళు పాదులు వేసుకుంటారు. ఎవరూ అడగరు, ఎవరూ రాసివ్వరు. కచేరీ నుంచి మనిషి వచ్చి కొలిచాడంటే మాత్రం ఆ నేల ఇంకెవరికో పోతున్నట్టు. పైగా కేసు కూడా రాయొచ్చు. మా వైపు నేలను చూడగానే ఎవరైనా మొదట అంగలతోనే కొలుస్తారు. సర్వే గొలుసు తర్వాత వస్తుంది.

ఎనిమిదో రాయి నాడు తాత దోసకాయలు నాలుగు తువ్వాల్లో పెట్టుకుని ఎదురొచ్చాడు. పచ్చగా, చారలు పడి, చూస్తేనే నోరూరేలా ఉన్నాయి.

"పిల్లలకు బాబుగారూ."

నాన్న రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు. కచేరీలో చేరినప్పటి నుంచి ఆయన ఎవరి దగ్గరా కాకరకాయ కూడా ముట్టలేదు. ఆయన బతుకులో ఆయనకు నచ్చిన సంగతి అదొక్కటే. "వద్దు తాతా, నేను తీసుకోను," అని కొంచెం గట్టిగానే అన్నారు. తాత మొహం పాలిపోయింది. అమ్మ అది చూసి, దూరం వెళ్ళాక గొంతు తగ్గించింది.

"ఊరికే ఎవరిస్తారండీ? వీడికి మీతో ఏదో పనుంది. దొంగ సంతకమేదో పెట్టించుకోవాలని చూస్తున్నాడు."

"నాకూ అలాగే ఉంది," అన్నారు నాన్న.

ఇచ్చింది తీసుకునే గుమాస్తా అయితే తాతకు భయం ఉండేది కాదు. తీసుకోలేదంటే పని పై నుంచి ఖాయమైపోయిందని ఆయన లెక్క వేసుకున్నాడు. మా నాన్న నిజాయితీకి ఒకడు అంత హడలిపోతాడని మాకెవరికీ తోచలేదు.

ఆ రోజు నుంచి తాత మా వెనక నడవడం మొదలుపెట్టాడు. పక్కకు రాడు, పలకరించడు. పది బారల దూరంలో, మేం ఆగితే ఆగుతూ, నడిస్తే నడుస్తూ. అమ్మ పుస్తెల తాడు రవికెలోకి తోసుకుని పైట నిండా కప్పుకుంది. "వెనక్కి చూడకండి," అని మాకు చెప్పి తను మాత్రం ఓరగా చూసేది. ఒకరోజు ఆయన పెదాలు కదులుతుండటం గమనించింది. ఏదో మంత్రం జపిస్తున్నాడంది. ఇంటికి రాగానే చెల్లికీ నాకూ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది. నిప్పుల్లో వేసిన మిరపకాయలు ఘాటెత్తకపోయేసరికి ఆమెకు ఇంకా నమ్మకం కుదిరింది.

ఆయన నాన్నతో పాటు అంగలు లెక్కపెట్టుకుంటున్నాడు, అంతే. నాకు ఒకసారి స్పష్టంగా వినిపించింది కూడా. "డెబ్బై, డెబ్బై ఒకటి..." అమ్మకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, నా లెక్కను పరీక్షిస్తున్నాడని నాకు రోషం వచ్చింది.

పదకొండో రాయి పెట్టిన మర్నాడు అది చోటు తప్పి రెండు బారల అవతల పడి ఉంది. గేదె కాలు తగిలి దొర్లి ఉంటుంది. నేను ఆ మాట ఒప్పుకుంటానా? నేను మా అమ్మ కూతుర్ని. పశువుల్ని తోలుకొచ్చే పిల్లలు కావాలని జరిపారని తేల్చేశాను. మర్నాడు ఇంట్లో ఉగాదికి గోడలకు కొట్టడానికి నానబెట్టిన సున్నం ముంతలో పట్టుకెళ్ళి, పదకొండు రాళ్ళకూ పూశాను. ఇక ఏ రాయి కదిలినా దూరం నుంచే తెలిసిపోతుంది. అమ్మ నా తెలివికి మురిసిపోయి, ఇంట్లో తీపి బంద్ అయినా నాకు దొంగచాటుగా బెల్లం ముక్క పెట్టింది. కట్ట మీదకు ఎక్కి చూస్తే ఆ రాళ్ళు వరసగా తెల్లగా మెరుస్తూ పుచ్చపాదుల వైపు పోతున్నాయి.

పన్నెండో రాయి పాదుల మొదట్లో పడింది. బాట ఆయన పాదుల పొడుగునా అంచు వెంటే పోతుంది. పాదులు నీటి వైపు, మేం గట్టు వైపు. పదమూడు, పద్నాలుగు కూడా అక్కడే. కాయలు అప్పటికి పిడికిలంత అయ్యాయి. నేను రాయి పెట్టి సున్నం పూసిన ప్రతిసారీ తాత భార్య తీగ వదిలేసి నిలబడి చూసేది. ఆవిడ చూపు నాకు నచ్చేది కాదు. దిష్టి పెడుతోందనుకునేదాన్ని.

పద్నాలుగో రాయి రోజున చెల్లి కాలికి ముల్లు గుచ్చుకుంది. అమ్మా నాన్నా దాన్ని కూర్చోబెట్టి ముల్లు తీస్తున్నారు. నేను ముంత పట్టుకుని ఒక్కదాన్నే రాయి దగ్గర ఉన్నాను. తాత మెల్లగా వచ్చి గొంతుక్కూర్చున్నాడు. మొదట్లో నన్ను "పాపా" అనేవాడు. ఆ రోజు పిలుపు మారింది.

"పాపగారూ, ఇంకా ఎన్ని రాళ్ళు పెడతారండీ?"

అంత పెద్దాయన నన్ను అండీ అనేసరికి నాకు ఎక్కడలేని పెద్దరికం వచ్చింది. "ఆరు. మొత్తం ఇరవై అవ్వాలి."

"అయ్యాక?"

"అయ్యాక నాన్న ఈ పుస్తకం జగ్గయ్యపేట తీసుకెళ్ళి పెద్దాయనకు చూపిస్తారు."

"ఎవరా పెద్దాయన?"

"చెప్పకూడదు."

"ఎందుకు కొలుస్తున్నారో అయినా చెప్పండి పాపగారూ."

"అది అసలే చెప్పకూడదు. అమ్మ ఒట్టు పెట్టించింది."

తాత తల ఊపి లేచాడు. మేం తిరిగి వెళుతుంటే వెనక్కి చూశాను. ఆయన పద్నాలుగో రాయి దగ్గర నుంచి అంగలు వేసుకుంటూ ముందుకు పోతున్నాడు. నాన్న వేసినంత పెద్ద అంగలు వేయలేక మోకాలు పట్టుకుంటున్నాడు. పాదుల చివర దాకా వెళ్ళి అక్కడ నిలబడిపోయాడు. నేను తేలిగ్గా నవ్వుకున్నాను. రహస్యం కాపాడానని ఇంటికొచ్చి అమ్మకు గర్వంగా చెప్పుకున్నాను. "మా తల్లే," అంది అమ్మ.

పదిహేడు రాళ్ళు పడ్డాక చెల్లికి జ్వరమొచ్చింది. ఆరు రోజులు నడక ఆగింది. ఉగాది ఇంకా పది రోజులుంది.

ఏడో రోజు వెళ్ళేసరికి పాదులు లేవు.

మొదట దారి తప్పామేమోననుకున్నాం. నాన్న లెక్క ఆపేశారు. నేల గుంటలు గుంటలుగా ఉంది. తీగలన్నీ పీకి మూడు కుప్పలు పోసి ఉన్నాయి. ఆకులు వాడి నల్లబడుతున్నాయి. చెలమ పూడ్చేసి పైన మట్టి చదును చేసి ఉంది. నా సున్నం రాళ్ళు పదిహేడూ ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి అవతల ఇంకో మూడు తెల్లటి రాళ్ళు కనిపించాయి. అవి నేను పెట్టినవి కావు.

తాత ఇరవయ్యో రాయి దగ్గర తువ్వాలు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎన్ని రోజుల నుంచి అలా మా కోసం చూస్తున్నాడో! ఆయన కాళ్ళ దగ్గర పది పన్నెండు పుచ్చకాయలు పేర్చి ఉన్నాయి.

"ఖాళీ చేశా బాబుగారూ. మిగతా మూడు రాళ్ళూ నేనే పెట్టేశా, తమకు శ్రమ లేకుండా. వందకొకటి. కావాలంటే కొలుచుకోండి. కేసు మాత్రం రాయకండి బాబూ. ముసల్దాన్నీ నన్నూ కోర్టు మెట్లెక్కించకండి."

నాన్నకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ఆయన అక్కడే మట్టిలో కూలబడ్డారు. నాకు మాత్రం చప్పున అర్థమైంది. ముంత నా చేతిలోనే ఉంది. దాన్ని వెనక్కి దాచుకున్నాను.

"తాతా, నేను నేల కొలవలేదు. నాది ఆ పనే కాదు. డాక్టరు నడవమన్నాడు, లెక్కపెట్టి నడవమన్నాడు. అందుకే..." నాన్న నా చేతిలోంచి పుస్తకం లాక్కున్నారు.

"చిత్తం బాబూ."

"నిజం తాతా! రెండు వేల అంగలు. పుస్తకం చూడు కావాలంటే."

తాత పుస్తకం వైపు చూడలేదు. ఆయనకు చదువు రాదు. "చిత్తం బాబూ," అన్నాడు మళ్ళీ.

అప్పుడు అమ్మ ముందుకు వచ్చింది. తను మాకు పెట్టించిన ఒట్టును తనే తెంపేసింది. "ఆయనకు చక్కెర జబ్బయ్యా! జబ్బు! నా పిల్లల మీద ఒట్టేసి చెబుతున్నా. నడవకపోతే చచ్చిపోతారన్నారు. నమ్మవయ్యా!" చెరువంతా వినిపించేలా అరిచింది. బతుకంతా ఎవర్నీ నమ్మని మనిషి, ఒక మనిషి చేత నమ్మించుకోవడానికి చేతులు జోడించింది.

తాత ఆమె వంక జాలిగా చూశాడు. మొగుడి ఉద్యోగం కోసం పాపం ఇంత అబద్ధం ఆడాల్సి వచ్చిందే అన్నట్టుంది ఆ చూపు. "చిత్తం తల్లీ. బాబుగారు చల్లగా ఉండాలి."

నాన్న లేచి, రాళ్ళన్నీ ఇప్పుడే తీసేస్తాననీ, మళ్ళీ పాదులు వేసుకోమనీ అన్నారు. నేను అప్పటికే ఇరవయ్యో రాయి మీద చెయ్యి వేశాను. తాత మొదటిసారి గట్టిగా అరిచాడు.

"ముట్టుకోకండి పాపగారూ! రాయి పోయిందంటే రేపు నేనే పీకానంటారు. మీకు దణ్ణం పెడతా, వాటి జోలికి పోకండి."

ఏ మాట చెప్పినా వినలేదు. రాళ్ళు ఉండిపోయాయి. పుచ్చకాయలు తీసుకోకపోతే కదలనని ఆయన పట్టుబడితే, నాన్న తన బతుకులో మొదటిసారి ఒకరిచ్చింది తీసుకున్నారు. కండువాలో నాలుగు, అమ్మ కొంగులో మూడు. మిగతావి తాతే మా గుమ్మం దాకా మోసుకొచ్చి దించి వెళ్ళాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

ఇంట్లో అమ్మ కత్తిపీట ముందేసుకుని ఒక కాయ కోసింది. లోపల అంతా తెలుపు. గింజలు కూడా కట్టలేదు. ఇంకో నెలైతే ఎర్రగా పండేవి. మా అమ్మ ఏడ్వగా నేను చూసింది ఆ ఒక్కరోజే. ఒక్క ముక్క పారేయకుండా నాలుగు రోజులపాటు పప్పులో, పులుసులో వేసి వండింది. చప్పగా, పీచుగా ఉండేది. ఎవరం వద్దనలేదు.

ఆ తర్వాత కూడా నాన్న నడిచారు. చెరువు వైపు కాకుండా బస్సుల రోడ్డు వెంట, ఒక్కరే, నోరు మూసుకుని. ఎన్ని అంగలు నడిచారని అమ్మ మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. కండువా వాసన కూడా చూడలేదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళొస్తూ ఒకసారి నాన్న చిల్లకల్లులో బస్సు దిగారు. తాత అక్కడ కూతురి ఇంటికి చేరాడని ఎవరో చెప్పారట. రోడ్డు పక్కన కంకర కొడుతూ కనిపించాడు. ఈ ఏడు పాదులు వేసుకో తాతా, నేను పూచీ అన్నారట నాన్న. తాత సుత్తి పక్కన పెట్టి, తువ్వాలు చంకలో పెట్టుకుని, ఒకటే అడిగాడు. "రాళ్ళు ఉన్నాయా బాబూ? నేను ముట్టుకోలేదు." నాన్న ఇంటికొచ్చి ఈ మాట చెప్పి అన్నం తినకుండా పడుకున్నారు. ఆ మరుసటి ఏడు వెళితే ఆ ఇంటికి తాళం ఉంది.

అరవైల్లో నాకు జగ్గయ్యపేటలోనే పెళ్ళయింది. ఒక వేసవి పుట్టింటికి వచ్చినప్పుడు, నా మూడేళ్ళ కూతురు పిట్టల్ని చూపించమని గొడవ చేస్తే చెరువుకు తీసుకెళ్ళాను. అమ్మ రాలేదు. "గాలి మొహానికి కొట్టేలా వెళ్ళు," అని మాత్రం చెప్పింది. తూము దగ్గర కట్ట దిగి చూసి ఆగిపోయాను.

రాళ్ళు ఉన్నాయి. ఇరవై. పాతి ఉన్నాయి. తాజాగా సున్నం కొట్టి ఉన్నాయి. రాళ్ళకు గట్టు వైపు, ఎండి బీటలు వారిన నేలలో, ఎవరో అవస్థపడి దోసపాదులు వేసుకున్నారు. నీటి వైపు తడి నేల, తాత పాదులున్న నేల, గడ్డి మొలిచి ఖాళీగా పడి ఉంది. ఒక నడివయసు మనిషి కావిడితో నీళ్ళు మోసుకొచ్చి ఆ ఎండు పాదులకు పోస్తున్నాడు. నా కూతురు రాళ్ళు దాటి పిట్టల వైపు పరిగెత్తబోతే ఆయన కేకేశాడు.

"అమ్మా, పాపను ఇవతలికి పిలవండి. అది సర్కారు హద్దు. పెద్దాఫీసరు సొంతంగా వచ్చి కొలిపించి పెట్టించాడంట. అవతల మేం కాలు పెట్టం. ఏటా ఉగాదికి మేమే సున్నం కొడతాం, లేకపోతే కచేరీవాళ్ళు ఊరుకోరు."

తాత వినని మాట ఈయనైనా వింటాడన్న ఆశ పుట్టింది. దగ్గరికి వెళ్ళి చెప్పాను. "అది హద్దు కాదండీ. ఆ రాళ్ళు నేను పెట్టినవి. చిన్నప్పుడు మా నాన్నగారు నడుస్తుంటే వందకొకటి పెట్టాను. సున్నం కూడా నేనే పూశాను. మీరు నీటి వైపు నిక్షేపంగా వేసుకోవచ్చు."

ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు. నా చేతిసంచీ చూశాడు. కావిడి దించి, తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఏ ఆఫీసమ్మా తమది?"

పాపను ఎత్తుకుని వెనక్కి తిరిగాను. నేను ఇరవై రాళ్ళూ దాటి కట్ట ఎక్కేదాకా ఆయన మళ్ళీ తువ్వాలు తలకు చుట్టుకోలేదు.